చెన్నై కాన్ఫరెన్స్, పెద్దమ్మ పూరీలు, శుక్రవారం సెలవు

"మొదటిసారి పేపర్ ప్రెజెంట్ చేయడానికి చెన్నై వెళ్తున్నాను, మూడు రోజుల కాన్ఫరెన్స్. ప్రయాణం, బస, చూడాల్సిన ప్రదేశాలు ఎలా ప్లాన్ చేసుకోవాలి?" అని అడిగారు. నేను చాలా ఏళ్ల కిందట సరిగ్గా ఇదే పని మీద గుంటూరు నుంచి వచ్చి, చేయగలిగిన తప్పులన్నీ వరసగా చేసి, తర్వాత ఇక్కడే ఉద్యోగం దొరికి వేళచ్చేరిలో స్థిరపడినవాణ్ణి. కాబట్టి నాకు చెప్పే అర్హత ఉందనే అనుకుంటున్నాను.

మొట్టమొదట, మీకొచ్చిన మెయిల్లో "చెన్నై" అని ఉంటే దాన్ని నమ్మకండి. ఇక్కడ కాట్టాంకుళత్తూరూ చెన్నైయే, శ్రీపెరంబుదూరూ చెన్నైయే, కేళంబాక్కమూ చెన్నైయే, బ్రోచర్ వేసేవాళ్ల దృష్టిలో. కాట్టాంకుళత్తూరుకైతే తాంబరం దాటి వెళ్లే ఎలక్ట్రిక్ ట్రైన్ ఉంది, ఫరవాలేదు. శ్రీపెరంబుదూరు బెంగళూరు హైవే మీద సిటీకి దాదాపు 40 కిలోమీటర్లు, రైలు లేదు. కేళంబాక్కానికీ లేదు, ఓఎంఆర్ (ఓల్డ్ మహాబలిపురం రోడ్డు) మీద బస్సో క్యాబో పట్టుకోవాల్సిందే. ఇది చూసుకోకుండా టి.నగర్‌లో రూమ్ తీసుకుని, షాపింగ్ కూడా అయిపోతుందని సంబరపడి, మూడు రోజులూ రోడ్డు మీదే గడిపిన మా కొలీగ్ ఒకడున్నాడు. వాడు కొన్నది రెండు చొక్కాలు.

నా సంగతి అంతకంటే గొప్పది. నా వేదిక గిండీ దగ్గర ఒక కాలేజీ. గిండీ అంటే చెన్నైకి నడిబొడ్డు లాంటిదే, మెట్రో ఉంది, ఎలక్ట్రిక్ ట్రైన్ ఉంది, పక్కనే ఐఐటీ మద్రాసు, జింకలు తిరిగే నేషనల్ పార్కు. అక్కడే కాలేజీ వాళ్లు గెస్ట్ హౌస్ ఇస్తామన్నారు. రోజుకి కొన్ని వందలే. నేను మాత్రం పెరంబూర్‌లో పెద్దమ్మ ఉండగా రూమెందుకు, డబ్బు దండగ అనుకున్నాను. పెద్దనాన్నగారు రైల్వేలో చేసి అక్కడే ఇల్లు కట్టుకున్నారు, వీధిలో సగం మంది తెలుగువాళ్లే.

చుట్టాలింట్లో దిగితే మీ టైమ్‌టేబుల్ మీ చేతిలో ఉండదని అక్కడే తెలిసింది. తొమ్మిదికి ప్రారంభం అంటే నేను ఏడున్నరకి బయల్దేరాలి. పెద్దమ్మ ఏడుంబావుకి పూరీ పిండి కలపడం మొదలుపెట్టింది. "ఖాళీ కడుపుతో ఏం చదువుతావురా, కూర్చో" అంది. అక్కడ చదవను పెద్దమ్మా, నిలబడి చెప్పాలి అన్నాను. "నిలబడాలంటే ఇంకా తినాలి" అంది. ఆ పూరీలు తిని, నా పేపర్‌ని పెద్ద షీటు మీద వేసిన ఏ-జీరో సైజు పోస్టర్ చుట్టిన గొట్టం చంకలో పెట్టుకుని, పెరంబూర్‌లో ట్రైనెక్కి, మూర్ మార్కెట్ కాంప్లెక్స్‌లో దిగి, రోడ్డు అవతల పార్క్ స్టేషన్‌కి పరిగెత్తి, అక్కడ తాంబరం బండి ఎక్కాను. ఆఫీసుల టైములో ఆ బండిలో మనిషే నిటారుగా నిలబడలేడు, దాదాపు మీటరు పొడవున్న గొట్టం ఎక్కడ నిలబడుతుంది? ఒక పెద్దాయన వీపులో రెండుసార్లు పొడిచాను. మూడోసారి ఆయనే దాన్ని తీసుకుని గిండీ దాకా పట్టుకున్నాడు, మారు మాట్లాడకుండా. నేను హాల్లోకి వెళ్లేసరికి ప్రారంభ ఉపన్యాసం అయిపోయి టీ కూడా అయిపోయింది.

అంచేత బస విషయంలో నా మాట ఒక్కటే, వేదికకి నడిచి వెళ్లగలిగిన చోట ఉండండి. గెస్ట్ హౌస్‌లో దుప్పటి మాసిపోయి ఉన్నా, గీజర్ పనిచేయకపోయినా అక్కడే ఉండండి. అసలు కాన్ఫరెన్స్ జరిగేది ఆ మెస్‌లోనే. సెషన్లో పెద్ద ప్రొఫెసర్ మీతో ఏం మాట్లాడతాడు? రాత్రి పెరుగన్నం దగ్గర పక్కన కూర్చుంటే మాట్లాడతాడు. చుట్టాల్ని చివరి రోజు సాయంత్రం స్వీట్ల డబ్బాతో వెళ్లి చూడండి. ఇంకో లాభం కూడా ఉంది, గెస్ట్ హౌస్ అయితే బిల్లు ఇస్తారు. మూడు రోజులు పెద్దమ్మ ఇంట్లో ఉన్నందుకు మా అకౌంట్స్ సెక్షన్ నాకు బస కింద ఇచ్చింది సున్నా. "రసీదు లేదు కదండీ" అన్నారు. పెద్దమ్మ చేత రసీదు రాయించుకు రమ్మంటారా?

ప్రయాణం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, 2024 నవంబరుకి ముందు 120 ఉండేది. పేపర్ తీసుకున్నారో లేదో తెలిసేలోపు బెర్తులు అయిపోతాయి కాబట్టి రాకపోయినా వచ్చినట్టే అనుకుని టికెట్ తీసేయండి, రద్దు చేసుకుంటే పోయేది కొంతే. కేంద్రప్రభుత్వ నిధులతో విమానం అయితే బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ, ఈ మూడింటిలోనే కొనాలి. చవగ్గా ఉందని ఇంకెక్కడో కొన్నారంటే ఆ డబ్బు తిరిగి రాబట్టుకోవడం మీద ఇంకో పేపర్ రాయొచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ వానలు, మనకి వానాకాలం అయిపోయాక వీళ్లకి మొదలవుతుంది. 2015 డిసెంబరులో వరదలకి ఎయిర్‌పోర్టే కొన్ని రోజులు మూతబడింది, 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫానుకి మళ్లీ మూశారు. అయినా కాన్ఫరెన్సులన్నీ డిసెంబరులోనే పెడతారు, ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పైగా అదే నెలలో సంగీత సభల సీజన్, మైలాపూర్ వైపు రూములకి గిరాకీ. మీది డిసెంబరే అయితే కచేరీ టికెట్ దొరక్కపోయినా సభ క్యాంటీన్లో టిఫిన్ మాత్రం వదలొద్దు.

ఇక చూడాల్సినవి. నిజానికి నేను చెప్పాలని కూర్చున్నది ఇదే. మీ ప్రొఫైల్లో గుంటూరు అని చూశాను, అందుకే ఇంత రాస్తున్నా.

నా కాన్ఫరెన్స్ గురు, శుక్ర, శనివారాలు. పోస్టర్ గురువారమే అయిపోయింది. శుక్రవారం రాత్రి బండికి తిరుగు టికెట్, ఎందుకంటే శనివారం ఒక సెలవు మిగుల్తుందని నా తెలివి. శుక్రవారం మధ్యాహ్నం సెషన్ ఎగ్గొట్టి, గిండీలో ట్రైనెక్కి, ఎగ్మోర్‌లో దిగి, ఎండలో పాంథియన్ రోడ్డు మీద నడుచుకుంటూ గవర్నమెంట్ మ్యూజియంకి వెళ్లాను. 1851లో మొదలైన మ్యూజియం. అమరావతి స్తూపం శిల్పాలు అక్కడున్నాయని స్కూల్లో ఉన్నప్పటి నుంచీ వింటున్నాను. గేటు మూసి ఉంది.

"ఇవాళ లీవు సార్, ఫ్రైడే" అన్నాడు వాచ్‌మన్. నా మొహం చూసి వెంటనే తెలుగులోకి దిగాడు, చిత్తూరు వైపు మనిషట. నేను గుంటూరు నుంచి వచ్చానండీ, రాత్రికి బండి, అమరావతి రాళ్ల కోసమే వచ్చాను, ఒక్క పది నిమిషాలు చూసి వెళ్లిపోతాను అని బతిమాలాను.

"అమరావతి మీ ఊరి పక్కనే కదా సార్. అక్కడే చూసుకోకుండా ఇంత దూరం ఎందుకొచ్చినారు?"

ఏం చెప్పాలి ఆయనకి? పద్దెనిమిదో శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు ఊరు కట్టిస్తుంటే దిబ్బలోంచి రాళ్లు బయటపడ్డాయనీ, 1797లో మెకంజీ దొర వచ్చి చూశాడనీ, 1845లో ఎలియట్ దొర తవ్వించి మద్రాసుకి తెప్పించినవి తర్వాత లండన్ వెళ్లిపోయాయనీ, 1880లలో బర్జెస్ దొర తవ్వించినవి చాలావరకు ఇదిగో మీరు కాపలా కాస్తున్న ఈ గేటు లోపల ఉన్నాయనీ చెప్పుకొచ్చాను. ఆయన ఓపిగ్గా అంతా విన్నాడు. "అయితే మీవే సార్. రేపు రండి" అన్నాడు. రేపు నేను గుంటూరులో ఉంటాను. ఎదురుగా సోడా తాగి వెనక్కి వచ్చేశాను. సాలార్‌జంగ్‌కి శుక్రవారమే సెలవు, అమరావతిలో ఉన్న మ్యూజియానికి కూడా శుక్రవారమే సెలవు. ఇన్నేళ్లు బతికి నాకు ఆ ముక్క గుర్తు రాలేదు.

అందుకే ఒక రోజు అదనంగా పెట్టుకోండి, ఆ రోజు శుక్రవారం కాకుండా చూసుకోండి. నిర్వాహకులు వేసే బస్సులో మహాబలిపురం తీసుకెళ్తారు, 55 కిలోమీటర్ల పైనే ఉంటుంది, మధ్యాహ్నం భోజనాలయ్యాక బయల్దేరదీసి ఎండలో పంచరథాల దగ్గర దింపుతారు. బాగుంటుంది, కాదనను. వెళ్తే మీ అంతట మీరు పొద్దున్నే ఆరింటికి బయల్దేరి వెళ్లండి. మైలాపూర్ కపాలీశ్వరుడి గుడి మధ్యాహ్నం మూసేస్తారు, సాయంత్రం పెట్టుకోండి. అక్కడిదాకా వెళ్లినవాళ్లు రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములుగారు 1952లో నిరాహారదీక్ష చేసిన చోటు కూడా చూసి రావచ్చు. మనవాళ్లు పక్కనుంచే పోతారు కానీ ఆగరు.

మ్యూజియంకి మాత్రం రెండు గంటలు తక్కువ పెట్టుకోవద్దు. నేను లోపలికి వెళ్లింది ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వచ్చినప్పుడు, ఒక శనివారం. బుద్ధుడి మీదికి ఉసిగొల్పిన నాళగిరి ఏనుగు ఫలకం ఎక్కడుందో అడిగి నేరుగా దాని దగ్గరికే వెళ్లండి. ఒకే గుండ్రటి రాయిలో ఏనుగు రెండుసార్లు ఉంటుంది, ఒకచోట మదమెక్కి వీధిలో మనుషుల్ని తొక్కుతూ, పక్కనే బుద్ధుడి ముందు మోకరిల్లి. మేడ మీద కిటికీల్లోంచి జనం తొంగిచూస్తుంటారు, మన వీధిలో గొడవైతే చూసినట్టే. పల్నాటి సున్నపురాయి. నేను అక్కడ ఎంతసేపు నిలబడ్డానో తెలీదు, ఇంటర్వ్యూ గుర్తొచ్చి గబగబా ఆటో ఎక్కాను. ఆ పక్క బిల్డింగులో చోళుల కంచు విగ్రహాలున్నాయి, తిరువాలంగాడు నటరాజు ఉన్నాడు, అవి ఇంకోసారికి మిగిలాయి.

ఆ ఇంటర్వ్యూ ప్రయాణం ఖర్చుల బిల్లులో పొరపాటున మ్యూజియం టికెట్ కూడా జతచేసి పంపాను. అది ఒక్కటీ ఎర్ర ఇంకుతో చుట్టి వెనక్కి పంపారు, మిగతావన్నీ ఇచ్చారు. ఆ టికెట్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది.