ఆరేళ్ల పాపతో కలిసి పాట కట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

"మా పాపకు ఆరేళ్లు. రోజంతా ఏదో ఒకటి సొంతంగా కట్టి పాడుతూనే ఉంటుంది. నాకు గిటార్ కొద్దిగా వచ్చు. ఇద్దరం కలిసి ఒక పాట చేసి రికార్డ్ చేయాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి? ఇప్పటికే కనిపించినవాళ్లందరికీ తన పాటలు వినిపిస్తున్నానని ఇంట్లో నవ్వుతున్నారు" అని అడిగారు.

నవ్వనివ్వండి. నేనూ ఆ బాపతే. మా అమ్మాయికి ఇప్పుడు ఎనిమిదేళ్లు. తనకు ఆరేళ్లప్పుడు మొదలుపెట్టాం, ఇప్పటికి పదకొండు పాటలయ్యాయి. అందులో మూడు బాగుంటాయి. (ఆ మూడూ ఏవన్న దాని మీద మా ఇద్దరికీ ఇంకా గొడవే.) కాలేజీ రోజుల్లో గిటార్ మీద పట్టుకున్న నాలుగైదు కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) తప్ప నాకు సంగీతం రాదు. కాబట్టి పాఠం చెప్పలేను. నేను చేసిన తప్పులు చెబుతాను, అవి పనికొస్తాయి.

మా మొదటి పాట ఒంటి సాక్సు మీద. జతలో ఒకటి పోయింది, రెండోది దాన్ని వెతుక్కుంటూ ఇల్లంతా తిరుగుతుంది. ఇదీ కథ. మాటలూ వరసా రెండూ తనవే. నేను గిటార్ పట్టుకుని లెక్కపెడితే ఒక్కో లైను ఏడు దెబ్బలకే అయిపోతోంది. పాటంటే నాలుగో ఎనిమిదో ఉండాలని నా చేతికి అలవాటు. అందుకని లైను చివర ఒక దెబ్బ ఖాళీ వదిలి ఎనిమిది చేశాను. పిల్లకి తాళం తెలియదు, నేను సర్దుతున్నాను అనుకున్నాను. రెండుసార్లు పాడి ఆపేసింది. "అక్కడెందుకు ఆగుతున్నావు నాన్నా? సాక్సు ఆగలేదు కదా" అంది. నేను తాళం గురించి వివరించబోయాను. లేచి వెళ్లిపోయింది. పది రోజుల పాటు ఆ పాట ఊసెత్తలేదు.

ఒక రాత్రి ఫోన్‌లో ఉన్న మొదటి రికార్డింగ్ మళ్లీ విన్నాను. నాలుగు లైన్లు, ప్రతిదీ ఏడే. మూడూ నాలుగూ, మూడూ నాలుగూ. తకిట తకధిమి! కర్ణాటక సంగీతంలోని ఏడు దెబ్బల తాళం, మిశ్రచాపు. ఆ పేరు తనకు తెలియదు, ఒక్కచోట కూడా తప్పలేదు. అదే ఏడు తడబడకుండా వాయించడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది. నాలుగో రోజు తన ముందు వాయిస్తే ఏమీ మాట్లాడకుండా వచ్చి పాడేసింది. ఇదేదో బాలమేధావి కథ అనుకోకండి. మాట ఎంత పొడవుంటే పాటను అంత పొడవు పెట్టుకోవడం ఈ వయసు పిల్లలు చాలామంది చేసే పనే. ఎనిమిదికి సర్దాలన్న సంగతి వాళ్లకింకా ఎవరూ చెప్పలేదు, అంతే. అయినా ఆ రాత్రి నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. నేను నేర్పనిది ఒకటి తన దగ్గరుంది, దాని వెనక నేను నడవాలి. గర్వంతో పాటు కొంచెం సిగ్గు కూడా వేసిందనుకోండి.

అందుకే మీకు నా మొదటి సలహా, రెండు మూడు రోజులు గిటార్ ముట్టుకోకండి. ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి పక్కన పెట్టేయండి. "ఇప్పుడు పాడమ్మా" అంటే పిల్లలు బిగుసుకుపోతారు. ఆడుకుంటూ పాడినదే అసలు పాట. తర్వాత మీరొక్కరే కూర్చుని లెక్కపెట్టుకోండి.

రెండోది శృతి. మగ గొంతుకు హాయిగా ఉండేచోట నేను మొదలుపెడితే తను గొణిగినట్టు పాడేది. పాప గొంతు బాగాలేదేమో అని కూడా అనుకున్నాను, మహానుభావుణ్ణి. ఆ వయసు పిల్లలకు సుమారుగా కీబోర్డ్ మీద మిడిల్ సి పక్కనున్న డి నుంచి పైన ఏ దాకా, అంటే ఐదు తెల్ల మెట్ల మధ్య, సుఖంగా ఉంటుంది. గిటార్‌కు కాపో (శృతి పెంచడానికి మెడ మీద బిగించే క్లిప్పు) పెట్టి తన గొంతు ఉన్నచోటికి మీరు వెళ్లండి. మీకు ఇబ్బందిగా ఉంటే మీరు పాడకండి.

కీబోర్డ్ ఉంటే నల్ల మెట్లు మాత్రమే వాడుకోమనండి. ఆ ఐదు స్వరాల్లో అర్ధస్వరం దూరంలో (అంటే కీబోర్డ్ మీద ఆనుకుని ఉన్న రెండు మెట్లంత దగ్గరగా) ఉండే జంట ఒక్కటీ లేదు, అందుకని ఎలా కలిపి నొక్కినా చెవికి గుచ్చుకోదు. మూడు నల్ల మెట్లు కలిసి ఉండే గుంపులో మొదటిదాన్ని షడ్జమం (స) అనుకుంటే అవి మోహన రాగం స్వరాలే. జర్మన్ స్వరకర్త కార్ల్ ఓర్ఫ్ పిల్లలకు సంగీతం నేర్పే పద్ధతిలో వాడే జైలోఫోన్లకు (పలకల మీద కొట్టి వాయించే వాద్యాలకు) పలకలు ఊడదీసే వీలు ఉండటం కూడా ఇందుకే. ఎఫ్, బి పలకలు తీసేస్తే మిగిలే ఐదింటిలో పిల్లలు భయం లేకుండా తిరుగుతారు. తప్పు పడుతుందన్న టెన్షన్ పోతే చేతులు ఎంత ధైర్యంగా కదులుతాయో మీరే చూస్తారు.

సరే, నాకు బాగా ఇష్టమైన సంగతి చెబుతాను. ఒకరోజు మా అమ్మాయి ఒకేలాంటి గాజు సీసాలు ఐదు తీసుకుని నీళ్లు తక్కువ నుంచి ఎక్కువకు పోసి వరసగా పెట్టింది. చెంచాతో కొడితే నీళ్లు ఎక్కువున్నది కింది స్వరం పలికింది, తక్కువున్నది పై స్వరం. బాగానే ఉంది. తర్వాత వాటి మూతుల మీద ఊదింది. వరస మొత్తం తిరగబడింది! నీళ్లు ఎక్కువున్నదే కీచుమంది. "ఈ సీసాలు అబద్ధాలాడుతున్నాయి" అని మండిపడింది. నిజం చెప్పొద్దూ, నాకూ అర్థం కాలేదు, వెతికి తెలుసుకున్నాను. కొట్టినప్పుడు గాజుతో పాటు నీళ్లు కూడా కదలాలి. నీళ్లు పెరిగేకొద్దీ బరువెక్కి కంపనం నెమ్మదిస్తుంది, స్వరం దిగుతుంది. ఊదినప్పుడు మోగేది పైనున్న గాలి. నీళ్లు పెరిగేకొద్దీ గాలికి చోటు తగ్గుతుంది, స్వరం ఎక్కుతుంది. చెప్పగానే సీసాలకేసి కాసేపు అలాగే చూసింది. "అయితే నువ్వు ఊదు, నేను కొడతా" అంది. రెండు వరసల సీసాలు పెట్టుకుని ఒకే వైపు నడిచాం. నా స్వరం మెట్లెక్కుతుంటే తనది దిగుతోంది, మధ్య సీసా దగ్గర ఇద్దరం దాదాపు కలిశాం. దాదాపే. అక్కడ కొంచెం శృతి తేడా ఉంది. నీళ్లు సరిచేస్తానంటే ఒప్పుకోలేదు, వాళ్లిద్దరూ పోట్లాడుకుంటున్నారట. ఆ పాట పేరే సీసాల కొట్లాట. ఈసారి నేను నోరు మూసుకున్నాను.

రికార్డింగ్‌కు పెద్ద సామాను అక్కర్లేదు. ఫోన్‌ను తన నోటికి జానెడు దూరంలో కొంచెం పక్కకు పెట్టండి. మొదటిసారి తన గొంతు విన్నప్పుడు "ఇదెవరు? నేను కాదు" అంటుంది, మా అమ్మాయి ఏడ్చినంత పని చేసింది. మన గొంతు మనకు పుర్రె ఎముకల గుండా కూడా వినిపిస్తుంది, అందుకే లోపల బరువుగా, రికార్డింగ్‌లో పల్చగా ఉంటుంది. మీ గొంతు కూడా రికార్డ్ చేసి "నాదీ ఇలాగే ఉంది చూడు" అంటే సర్దుకుంటుంది.

వాయించినదాన్ని చెవిలో వింటూ దాని మీద పాడించాలంటే మాత్రం బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ వద్దు. వాటిలో శబ్దం పదోవంతు సెకను, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా చేరుతుంది. ఆ సంగతి తెలియక, ప్రతి లైనూ వెనకబడుతున్నావని రెండుసార్లు పాపనే కోప్పడ్డాను. వైరున్న ఇయర్‌ఫోన్స్ పెట్టగానే అతికినట్టు పాడింది. సారీ చెప్పాను. వాల్యూమ్ కూడా తగ్గించి ఉంచండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం ప్రకారం పిల్లలకు పరిమితి వారానికి 40 గంటలు, 75 డెసిబెల్స్. పెద్దలకు అది 80.

ఇక అందరికీ వినిపించడం. నేను ఆపలేదు, మీరు ఆపగలరని కూడా అనుకోను. కానీ మా సాక్సు పాట బంధువులకు పంపాక "ఎంతమందికి నచ్చింది?" అని రోజూ అడగడం మొదలుపెట్టింది. తర్వాత కట్టిన రెండు పాటలూ ఆ సాక్సు పాటలాగే ఉన్నాయి. అప్పటి నుంచి ఒప్పందం ఏమిటంటే, పాట పూర్తయ్యాక వారం పాటు మా ఇద్దరి దగ్గరే ఉంటుంది. ఆ తర్వాత ఎవరికి పంపాలో తనే చెబుతుంది. సీసాల కొట్లాట ఇప్పటికి ఒక్కరికే వెళ్లింది, వాళ్ల అమ్మమ్మకి. నేను ఎంత బతిమాలినా రెండో పేరు చెప్పడం లేదు.