వర్జీనియా పల్లె కౌంటీలో పాత రెక్‌లెస్ డ్రైవింగ్ కేసు: సర్టిఫైడ్ కోర్టు కాగితం ఎక్కడ, ఎలా అడగాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. స్టూడెంట్‌గా ఉన్నప్పుడు వర్జీనియాలో ఏదో చిన్న కౌంటీలో రెక్‌లెస్ డ్రైవింగ్ అని సమన్స్ చేతిలో పెట్టారు. మీ బదులు లాయర్ కోర్టుకి వెళ్లాడు, మీరు ఫైన్ కట్టేసి మర్చిపోయారు. జడ్జి చివరికి ఏమని రాశాడో కూడా గుర్తులేదు. ఇప్పుడు డాలస్‌లో ఉన్నారు, ఐ-485 (గ్రీన్ కార్డ్ దరఖాస్తు) మీద ఆర్ఎఫ్ఈ (ఇంకా ఆధారాలు పంపమని ఇమిగ్రేషన్ వాళ్లిచ్చే నోటీసు) వచ్చింది, సర్టిఫైడ్ కోర్ట్ డిస్పోజిషన్, అంటే కేసు చివరికి ఏమైందో చెప్పే కోర్టు ధ్రువీకరించిన కాగితం, పంపమంటున్నారు. పదేళ్లు దాటి పదకొండో ఏడు నడుస్తోంది. ఆ కౌంటీ పోలీసులకి లెటర్ ఎలా రాయాలి అని అడిగారు.

పోలీసులకి రాయకండి. నేను అదే చేసి రెండు వారాలు పోగొట్టుకున్నాను.

నాదీ ఇంచుమించు ఇదే కథ. 2016 థాంక్స్‌గివింగ్‌కి వర్జీనియాలోని బ్లాక్స్‌బర్గ్‌లో చదువుకుంటున్న మా తమ్ముడి దగ్గరికి మేరీల్యాండ్ నుంచి ఐ-81 హైవే మీద వెళ్తున్నాను. 70 మైళ్ల జోన్‌లో 84. స్పీడ్ లిమిట్ ఎంతున్నా సరే, అప్పట్లో వర్జీనియాలో 80 దాటితే రెక్‌లెస్సే. 2020 జులై 1 నుంచి ఆ గీతని 85కి జరిపారు. అంటే నా 84 ఇప్పుడైతే మామూలు స్పీడింగ్ టికెట్‌తో పోయేది. మన టైమ్ అలా ఉంది, ఏం చేస్తాం. వర్జీనియాలో రెక్‌లెస్ అంటే క్లాస్ 1 మిస్‌డిమీనర్, అంటే చిన్న నేరాల్లో అన్నిటికన్నా పెద్ద తరగతి. చట్టంలో 12 నెలల జైలు, 2,500 డాలర్ల జరిమానా దాకా ఉంది. స్పీడ్ మరీ ఘోరంగా ఉంటే తప్ప జైలు దాకా పోదు గానీ, అది ట్రాఫిక్ టికెట్ కాదు, క్రిమినల్ చార్జ్ అన్న సంగతి ఇమిగ్రేషన్ ఫారం నింపేదాకా మనకి తట్టదు. 2020 అక్టోబరులో గ్రీన్ కార్డ్ క్యూలో డేట్లు ఒక్కసారిగా ముందుకి దూకినప్పుడు అందరితోపాటు నేనూ ఫైల్ చేశాను. టికెట్టే కదా అని కోర్టు కాగితం జతచేయలేదు. 2021లో ఆర్ఎఫ్ఈ వచ్చింది.

ఇండియాలో ఏ కేసైనా ముందు స్టేషన్, ఎఫ్ఐఆర్, ఆ తర్వాతే మిగతావి. పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్) కావాలన్నా పోలీసులే వచ్చి ఎంక్వైరీ చేస్తారు. అందుకే మన బుర్ర ముందు పోలీసుల వైపే పోతుంది. నేను ఆ కౌంటీ షెరిఫ్ ఆఫీసుకి లెటర్ పంపి, జవాబు రాక ఫోన్ చేశాను. ఎత్తినావిడ చాలా మర్యాదగా, "ఐ-81 మీద ఆపారంటే స్టేట్ ట్రూపర్ అయి ఉంటాడు బాబూ, మా డెప్యుటీ కాదు. ఎవరు ఆపినా తీర్పు కాగితం మా దగ్గర ఉండదు, క్లర్క్‌ని అడుగు" అని చెప్పింది. అరెస్టు చేసి ఉంటే దాని వివరాలు షెరిఫ్ దగ్గర ఉంటాయి. కేసు చివరికి ఏమైందన్నది మాత్రం కోర్టు క్లర్క్ దగ్గరే ఉంటుంది. మీ ఆర్ఎఫ్ఈ అడిగేది ఆ రెండోదాన్నే.

వర్జీనియాలో మిస్‌డిమీనర్లు, ట్రాఫిక్ కేసులు జనరల్ డిస్ట్రిక్ట్ కోర్టులో నడుస్తాయి. అదే భవనంలోనో పక్కనో సర్క్యూట్ కోర్టు క్లర్క్ ఉంటారు. ఆ ఆఫీసు వేరు. తీర్పు మీద అప్పీల్‌కి వెళ్లి ఉంటేనే మీకు సర్క్యూట్ కోర్టుతో పని.

ఏ కౌంటీనో సరిగ్గా గుర్తులేదన్నారు. ఇక్కడ కాస్త జాగ్రత్త. వర్జీనియాలో 95 కౌంటీలు కాక, ఏ కౌంటీకీ చెందని విడి నగరాలు 38 ఉన్నాయి. ఎంపోరియా చుట్టూ గ్రీన్స్‌విల్ కౌంటీ ఉంటుంది గానీ ఎంపోరియా అందులో భాగం కాదు. రిచ్‌మండ్ కౌంటీ అంటే రిచ్‌మండ్ నగరం కాదు, అది ఎక్కడో దూరంగా వార్సా అనే ఊరు కేంద్రంగా ఉన్న వేరే పల్లె ప్రాంతం. చార్లెస్ సిటీ అని పేరుంటుంది, చూస్తే అది కౌంటీ. కాబట్టి "ఫలానా ఊరి దగ్గర ఆపారు" అన్న జ్ఞాపకాన్ని నమ్మి లెటర్ పోస్టు చేయకండి.

వర్జీనియా కోర్టుల వెబ్‌సైట్‌లో ఉచితంగా పేరుతో వెతకొచ్చు, రాష్ట్రమంతా కలిపి వెతికే వీలు కూడా ఉంది. కేసు నంబర్ జీటీ అనే అక్షరాలతో మొదలవుతుంది, తర్వాత ఏడాది చివరి రెండు అంకెలు వస్తాయి. క్రిమినల్ చార్జ్ కదా అని జీసీ నంబర్ల కోసం చూడకండి, రెక్‌లెస్ ట్రాఫిక్ వైపే పడుతుంది.

మనవాళ్లందరికీ తలనొప్పి పేరు దగ్గర. నా పేరు చేంతాడంత: ఇంటిపేరు, తర్వాత వెంకటతో మొదలుపెట్టి మూడు ముక్కలు. ఇంటిపేరుతో వెతికితే ఏమీ రాలేదు. ఒక పూటంతా కేసు లేదేమో, కొట్టేశారేమో అని పిచ్చి ఆశ. చివరికి నా పేరులో ఆఖరి ముక్కని లాస్ట్ నేమ్‌గా కొడితే దొరికింది. "వెంకట" ఫస్ట్ నేమ్ అయింది, ఇంటిపేరు మధ్యలో ఒక్క అక్షరంగా మిగిలింది. మీరూ పేరుని ముందుకీ వెనక్కీ తిప్పి, అతికించి, విడగొట్టి అన్ని రకాలుగా వెతకండి. పుట్టిన తేదీతో సరిచూసుకుంటే అది మీదేనని తేలిపోతుంది.

మీ కేసు ఆన్‌లైన్‌లో కనిపించకపోవచ్చు, ఎందుకంటే జనరల్ డిస్ట్రిక్ట్ కోర్టులో ఇలాంటి కేసుల కాగితాలు పదేళ్లే ఉంచుతారు, తర్వాత తీసేస్తారు. అయినా క్లర్క్‌ని అడగాల్సిందే. ఉంటే కాపీ తీసుకోండి. లేకపోతే "ఈ పేరు, ఈ పుట్టిన తేదీ మీద వెతికాం, రికార్డు లేదు, గడువు ముగిసినవి చట్టప్రకారం తీసేశాం" అని కోర్టు లెటర్‌హెడ్ మీద సంతకంతో అడగండి. ఇమిగ్రేషన్ నియమాల్లో దీనికి దారి ఉంది: అసలు కాగితం లేదని సంబంధిత ఆఫీసు రాసిచ్చిన లెటర్, దాంతోపాటు వేరే ఆధారాలు. ఆ వేరే ఆధారాల్లో మీకు పనికొచ్చేది డీఎంవీ (లైసెన్సులిచ్చే ఆఫీసు) డ్రైవింగ్ రికార్డు. వర్జీనియా డీఎంవీలో రెక్‌లెస్ శిక్ష 11 ఏళ్లు ఉంటుంది. కోర్టు గడువు దాటిపోయినా డీఎంవీ గడువు మీకింకా దాటలేదు, కాబట్టి అది ఈ వారమే తెప్పించుకోండి. జడ్జి దాన్ని ఇంప్రాపర్ డ్రైవింగ్‌కి (రెక్‌లెస్ కన్నా చిన్న తప్పు) తగ్గించి ఉంటే మాత్రం మూడేళ్లకే పోయి ఉంటుంది. పాత లాయర్‌కి ఒక ఈమెయిల్ పెట్టండి. కోర్టు ఫైలు పోయినా ఆయన ఫైలు ఉండొచ్చు. ఫైన్ కట్టిన బ్యాంకు స్టేట్‌మెంట్ దొరికినా మంచిదే.

క్లర్క్ ఆఫీసుకి ముందు ఫోన్ చేయండి. పల్లె కౌంటీల్లో కోర్టు రోజూ కూర్చోదు. కూర్చున్న రోజు ఆ ఇద్దరు ముగ్గురు స్టాఫ్ కౌంటర్ దగ్గరే నలిగిపోతుంటారు, ఫోన్ మోగుతూనే ఉంటుంది. నేను వరసగా మూడు మంగళవారాలు చేశాను. తర్వాత తెలిసింది, వాళ్లకి ట్రాఫిక్ కేసుల రోజు మంగళవారమేనని. గురువారం పొద్దున చేస్తే రెండో రింగుకే ఎత్తారు. డబ్బు ఎలా పంపాలి (నన్ను మనీ ఆర్డర్ అడిగారు, పర్సనల్ చెక్ వద్దన్నారు), తిరుగు కవర్ పెట్టాలా, ఐడీ కాపీ కావాలా అన్నీ అప్పుడే అడిగి రాసుకోండి. ఖర్చు కొద్ది డాలర్లే.

ఇక లెటర్‌లో ఏం రాయాలి. నేను మొదటిసారి "నా టికెట్ కాపీ కావాలి" అని రాశాను. అడిగిందే పంపారు: సమన్స్ ముందు వైపు మాత్రమే, స్టాంపు కూడా లేకుండా. దాని మీద నా పేరు, కారు, 84/70 ఉన్నాయి, తీర్పు లేదు. జనరల్ డిస్ట్రిక్ట్ కోర్టులో జరిగేది రికార్డు చేయరు, ట్రాన్‌స్క్రిప్ట్ ఉండదు. జడ్జి తీర్పుని ఆ సమన్స్ వెనక వైపు అచ్చువేసిన గళ్లలో పెన్నుతో టిక్కులు పెట్టి, రెండు ముక్కలు గిలికి, పొట్టి సంతకం చేస్తాడు. మొత్తం డిస్పోజిషన్ అంటే ఆ గిలుకుడే. రెండోసారి ఇలా రాశాను: "కేసు నంబర్ ఫలానా. సమన్స్ రెండు వైపులా, డిస్పోజిషన్ కనిపించేలా, సర్టిఫైడ్ ట్రూ కాపీ, రెండు సెట్లు." కింద నా పేరు ఎన్ని రకాలుగా పడే అవకాశం ఉందో అన్నీ, పుట్టిన తేదీ, ఫోన్ నంబర్, ఆర్ఎఫ్ఈ గడువు తేదీ. తొమ్మిదో రోజుకి కవర్ వచ్చింది. వెనక వైపు జడ్జి రెక్‌లెస్‌ని ఇంప్రాపర్ డ్రైవింగ్‌గా మార్చిన గీత, ఫైన్ అంకె, పక్కన క్లర్క్ స్టాంపు, సంతకం. జడ్జి చేతిరాత మా ఊరి డాక్టర్ గారి చీటీలా ఉంది గానీ, యూఎస్‌సీఐఎస్ (ఇమిగ్రేషన్ ఆఫీసు) ఏమీ అనలేదు.

స్టేట్ పోలీసుల దగ్గర క్రిమినల్ హిస్టరీ కూడా తెప్పించమని ఎవరో సలహా ఇచ్చారన్నారు. నేనూ తెప్పించాను. ఎస్‌పీ-167 ఫారం నింపి, నోటరీ ముందు సంతకం పెట్టి, 15 డాలర్లతో పోస్టులో పంపాలి. నాకు రికార్డేమీ లేదని వచ్చింది. వేలిముద్రలు తీసుకోకుండా సమన్స్ ఇచ్చి పంపేసిన కేసు అక్కడ ఉండాలని లేదు. ఎఫ్‌బీఐ రిపోర్టుదీ (18 డాలర్లు, వేలిముద్రలు ఇవ్వాలి) అదే సంగతి. అవి అదనపు బలమే, కోర్టు కాగితానికి బదులు కాదు. గూగుల్‌లో పైన కనిపించే "ఇన్‌స్టంట్ బ్యాక్‌గ్రౌండ్ చెక్" సైట్లకి ఒక్క డాలర్ కూడా తగలేయకండి.

మరొకరు సమాచార హక్కు చట్టం కింద అడగమన్నారు. వర్జీనియా చట్టం ఆ హక్కుని ముఖ్యంగా తన పౌరులకే ఇస్తుంది, 2013లో అమెరికా సుప్రీంకోర్టు కూడా అది తప్పేమీ కాదంది. టెక్సస్‌లో ఉన్న మీకు ఆ దారిలో టైమ్ దండగ. కోర్టు ఫైలు ఎవరైనా అడగొచ్చు, దానికి ఆ చట్టం అక్కర్లేదు.

ఆర్ఎఫ్ఈకి జవాబు ఒక్కసారే. సగం ఇప్పుడు, సగం తర్వాత అంటే ఒప్పుకోరు, మొదట పంపినదాన్నే పూర్తి జవాబుగా తీసుకుంటారు. గడువు మామూలుగా 84 రోజులు, పోస్టుకి ఇంకో మూడు. దాన్ని చూసి కూడా ఆలస్యం చేయకండి, కోర్టు నుంచి నాలా తప్పు కాపీ వస్తే మళ్లీ తెప్పించుకోవడానికి టైమ్ ఉండాలి. కాగితాలు అందాక ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి చదివించి పంపండి.

రెండు సెట్లు ఎందుకంటే, సిటిజన్‌షిప్‌కి ఎన్-400 నింపేటప్పుడు కూడా ఈ ప్రశ్న మళ్లీ వస్తుంది. నా గ్రీన్ కార్డ్ 2022లో వచ్చింది, అప్లై చేసేది 2027లో. నా కేసు తీర్పు 2017 జనవరిది. అప్పటికి ఆ కోర్టులో నా కాగితం ఉండదు. నా రెండో సెట్ ఇంట్లో పాస్‌పోర్టులు పెట్టే కవర్లోనే ఉంది.