ఇంట్ల బైక్‌కు పెయింట్ కొడితే షోరూమ్ మెరుపు వస్తదా? వస్తది, గానీ ముందు బోరు నీళ్లు పక్కకు పెట్టు

అడిగిన తమ్ముడు రాసిందేందంటే, పాత బండి ట్యాంకీకి ఇంట్లనే స్ప్రే గన్నుతోని నల్ల పెయింట్ కొట్టిండట, దూరంకెళ్లి మంచిగనే ఉన్నదట, దగ్గరికి పోయి చూస్తే గుంటలు గుంటలు ఉన్నదట, నున్నగ అద్దం లెక్క రావాలంటే ఏ కంపెనీ పెయింట్ కొనాలె అని. తమ్మీ, కంపెనీతోని ఏం గాదు. నువ్వు చెప్పే గుంటలను పెయింటర్లు ఆరెంజ్ పీల్ అంటరు, మా నల్గొండ జిల్లా మొత్తం బత్తాయి తోటలే కాబట్టి నేనైతే బత్తాయి తొక్క అంట. నాకు కూడ అచ్చం గట్లనే వచ్చింది.

మాది మిర్యాలగూడ దగ్గర ఊరు, ప్రైవేట్ స్కూల్ల లెక్కలు చెప్త. బండి మా నాయినది, స్ప్లెండర్, ట్యాంకీ మీద ఇంక హీరో హోండా అని ఉన్న కాలంది. పాల క్యాన్లు కట్టి కట్టి, మోకాళ్లు ఆనే కాడ పెయింట్ పోయి ఇనుము కనవడుతుండె. 2022 ఎండకాలం సెలవులల్ల ఖాళీగ ఉన్న గదా అని మీదేసుకున్న. పంచర్ షాపు దోస్తు కాడ కంప్రెసర్ తెచ్చిన, గన్ను ఇంకొకని కాడ అడుక్కున్న.

మే నెలల, పట్టపగలు, రేకుల షెడ్డు కింద కొట్టిన. ట్యాంకీ మీద చెయ్యి పెడితే సుర్రుమంటుండె. అంత ఎండల గన్నుల నుంచి బయటవడ్డ పెయింట్ ట్యాంకీ దాక పోయే లోపలే సగం ఆరిపోతది, ఆరిన తుంపర ఒకదాని మీద ఒకటి కూసుంటది గానీ పరుచుకోదు, పరుచుకోకపోతే అదే బత్తాయి తొక్క. గన్ను మరీ దూరం పట్టినా ఇదే, పెయింట్ చిక్కగ కలిపినా ఇదే, గాలి తక్కువైనా ఇదే. జానెడు కంటె జర తక్కువ దూరం పట్టి, ఒక గీత మీద ఇంకో గీత సగం ఎక్కేటట్టు, చెయ్యి ఆపకుండ పోవాలె, చెయ్యి ఆగిందంటే కారుతది. పొద్దుగాల ఏడు లోపల లేకుంటే పొద్దూకినంక కొట్టు, ఇగ మిట్టమధ్యాహ్నం వద్దు.

ఇంకోటి, పంచర్ షాపు కంప్రెసర్ల కింద నీళ్లు నిలుస్తయి, ఆయిల్ కూడ వస్తది. దాని నట్టు తీసి ఖాళీ చెయ్యకుండ కొట్టినవనుకో, పెయింట్ల చేప కండ్ల లెక్క గుండ్రటి రంధ్రాలు లేస్తయి. షైనింగ్ కోసం షోరూమోళ్లు, వాషింగ్ సెంటరోళ్లు పూసే సిలికాన్ పాలిష్ ఉంటది సూడు, దాంతోని కూడ ఇదే గోస. ఎన్నడో పూసింది ఇప్పుడు నీ పాణం తీస్తది. ముందుగాల సబ్బు నీళ్లతోని కడిగి, ఆరినంక థిన్నర్‌ల (పెయింట్‌ను పల్చగ చేసే మందు) తడిపిన బట్టతోని తుడిచి, అటెన్క మళ్ల ఒట్టి చేత్తోని ముట్టొద్దు.

ఇవన్ని యూట్యూబ్‌ల దొరుకుతయి. నేను చూసినంతల యూట్యూబ్‌ల ఎవ్వడు చెప్పంది నీళ్ల సంగతి, నేను జవాబు రాసేది అసలు దీని కోసమే. ప్రైమర్, అంటే అడుగు పూత, ఆరినంక 400, 600 నంబర్ వాటర్ పేపర్ (సన్న గరుకు కాయితం) నీళ్లు పోసుకుంట రుద్దాలె అని అందరు చెప్తరు. ఏ నీళ్లు అని చెప్పరు. వాళ్లది ఏ ఊరో ఏమో, వాళ్ల నీళ్లు వేరే. మా బోరు నీళ్లు బకెట్ల రాత్రి పెడితే తెల్లారెవరకు అంచుకు తెల్ల పొర పడ్తది, గీజర్ రాడ్డు ఆర్నెల్లకే సున్నం పట్టి పోతది. ఫ్లోరైడ్ వేరే, ఈ ఉప్పు వేరే, కానీ మా జిల్లా నీళ్లు ఎట్లుంటయో దేశం మొత్తానికి తెల్సు, పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి పేరే నల్గొండ టెక్నిక్ అని పెట్టిన్రంటే అర్థం చేస్కో. నేను ఆ బోరు నీళ్లతోనే రుద్ది, ఎండకు ఆరబెట్టి, మీద పెయింట్ కొట్టిన. ఆరిన నీళ్ల చుక్కల ఉప్పు అట్లనే పెయింట్ కిందికి పోయింది. మే నెలంత ఏం కాలే, బత్తాయి తొక్కను కూడ కాంపౌండ్ (మెరుపుకు రుద్దే పేస్టు) పెట్టి రుద్ది సగం నున్నగ చేసిన, సంబురపడ్డ. జూన్ల నాలుగు వానలు పడంగనే ట్యాంకీ కింది అంచుకు ఆవగింజలంత పొక్కులు లేచినయి. ఉప్పు తేమను గుంజుకుంటది గదా, పెయింట్ లోపటికెళ్లి గుంజుకున్నది. గోటితోని గీకితే పొట్టు లేసినట్టు లేసింది.

మొత్తం గీకేసిన. రెండోసారి 20 లీటర్ల ఫిల్టర్ నీళ్ల క్యాన్ తెచ్చుకున్న, రుద్దేది అంత ఆ నీళ్లతోనే, మళ్ల అవే నీళ్లతోని కడిగి, ఆరనీకుండ బట్టతోని తుడిచిన. ఇప్పటి దాక ఒక్క పొక్కు లేదు. ఒక్క ట్యాంకీ మీద చూసి చెప్తున్నవా అంటే అవును, ఒక్క ట్యాంకీ మీద చూసే చెప్తున్న.

థిన్నర్ల కూడ మోసపోయిన. దుకాణపాయన ఏదైనా ఒక్కటే అని ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ పోసిచ్చిండు, నేను పీయూ (పాలియురెథేన్) పెయింట్ల, అంటే హార్డనర్ అనే గట్టిపరిచే మందు కలిపే పెయింట్ల, కలిపిన. ఎన్‌సీ థిన్నర్ల ఆల్కహాల్ ఉంటది, అది హార్డనర్‌ను తినేస్తది, పెయింట్ సరిగ్గ గట్టిపడదు, మెరుపు రాదు. పీయూకు పీయూ థిన్నరే. ఎన్‌సీ పెయింట్, స్ప్రే డబ్బాల పెయింట్ సులువే గానీ బంకుల నాలుగు చుక్కల పెట్రోల్ మీద పడితే ముడుతలు వస్తయి, ట్యాంకీకి మాత్రం హార్డనర్ కలిపేదే కొట్టు. కొలత డబ్బా మీద రాసి ఉంటది, అందాజ మీద పోయకు.

ఇగ ఉసిళ్ల రాత్రి, అదే, వాన పడ్డంక దీపానికొచ్చే రెక్కల పురుగులు. జూన్ ఆఖర్ల, పగలు వాన పడి ఎల్సింది, సాయంత్రం చల్లగున్నది, ఇదే సందు అనుకున్న. వరండాకు మా అమ్మ పాత చీరెలు రెండు అడ్డం కట్టి, దుమ్ము లేవకుండ కింద నీళ్లు చల్లి, ట్యాంకీని సైకిల్ ట్యూబుతోని దూలానికి ఏలాడదీసి, పెద్ద ఎల్‌ఈడీ బుగ్గ పెట్టిన. నలుపు మొన్ననే అయిపోయింది, ఆ పూట క్లియర్ కోటింగ్, అంటే మీద కొట్టే రంగులేని మెరుపు పూత. ఒకటి కొట్టిన, పావుగంట ఆగిన, రెండోది కొట్టిన. అబ్బ, ఏం వచ్చిందో! బుగ్గ నీడ ట్యాంకీల గుండ్రంగ, అంచు గూడ చెదరకుండ పడ్డది, నా మొకం, మెడల దస్తీ అన్ని కనవడ్డయి. అమ్మా జూడు అని పిలుస్తనే ఉన్న, ఒక్క ఉసిళ్ల పురుగు వచ్చి ట్యాంకీ నడిమిట్ల కూసున్నది. దాన్ని చిమ్టాతోని తీద్దామని పోయేసరికి ఇంకో పది. చీరె సందుల్లకెళ్లి పొగ లెక్క దూరినయి. పడ్డవి పడ్డ కాడ అతుక్కుంటయి, రెక్కలు ఇడిచి కాళ్లతోని పాకుతయి, పాకిన కాడల్ల సన్నటి గీత. నేను చిమ్టా పట్టుకొని ఎగబడ్డ, వేలు తాకి బొటనవేలి ముద్ర కూడ పడ్డది. మా అమ్మ లోపల్నుంచి "బుగ్గ ఆర్పురా బేవకూఫ్, ముందు బుగ్గ ఆర్పు" అని ఒకటే అరుపు. ఆమెనే వాకిట్ల బేసన్ల నీళ్లు పోసి, దాని మీద దీపం పెట్టింది, అన్ని అటు పోయినయి. చిన్నప్పుడు ఇవే ఏంచుకొని తింటుంటిమి, ఇప్పుడు నీ ట్యాంకీని తింటున్నయి అని నవ్వుడు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగ చెప్త, తడి మీద ఏది పడ్డా ముట్టకు. పురుగైనా, వెంట్రుకైనా, మిల్లుల ఊకైనా, పడ్డది పడ్డట్టు ఆరనియ్యి. నేను తీయబోయిన కాడనే గుంటలు పడ్డయి, వదిలేసిన కాడ రెక్కలు పైపైన క్లియర్లనే ఉండిపోయినయి, నలుపుకు దెబ్బ తగల్లే. మూడు రోజులు ఆగి 1000 పేపర్‌తోని సాఫ్ చేసి, మళ్ల క్లియర్ కొట్టిన, ఈసారి తెల్లారగట్ల. వారమైనంక 1500, 2000 పేపర్ సబ్బు నీళ్లతోని రుద్దితే ట్యాంకీ మొత్తం పొగ పట్టినట్టు మసకైతది, భయపడకు, కాంపౌండ్ పెట్టి మెత్తటి బట్టతోని రుద్దితే అదే మెరుపు. అంచుల మీద, ఎత్తుల మీద మాత్రం పేపర్ నొక్కకు, అక్కడ క్లియర్ పల్చగుంటది, తెల్వకుండనే కింది నలుపు దాక పోతది.

దస్తీ అంటే యాదికొచ్చింది, పీయూ హార్డనర్ల ఐసోసైనేట్ అనే, ఊపిరికి చెరుపు చేసే రసాయనం ఉంటది, మొకానికి దస్తీ కట్టుకుంటే అది ఆగదు. నాకు రెండు రోజులు దగ్గు, ఛాతిల పట్టేసినట్టు. పెయింటర్లు కట్టుకునే కార్ట్రిడ్జి మాస్కు కొను, ఉబ్బసం ఉంటె అసలు ముట్టుకోకు, బయటకిచ్చి చేయించుకో. పెట్రోల్ ఖాళీ చేసిన ట్యాంకీల ఆవిరి ఉంటది, దాని పక్కన బీడీ తాగెటోళ్లను రానియ్యకు. రంగు మారుస్తె ఆర్సీల కూడ మార్పించుకోవాలె, నేను నలుపు మీద నలుపే కొట్టిన కాబట్టి ఆ గొడవ లేకుండె.

జులైల ట్యాంకీ బిగించి నాయినకు చూపెట్టిన. చుట్టు తిరిగి చూసిండు, మొకం చూసుకున్నడు, మీసం దువ్వుకున్నడు, మంచిగున్నది అన్నడు. తెల్లారి పాలు పోసి వస్త వస్త మిర్యాలగూడల ఆగి రెగ్జిన్ ట్యాంక్ కవర్ తొడిగించుకొని వచ్చిండు. ఎందుకు నాయినా అంటే, "ఎండకు ఖరాబైతది గదరా, ఇంత కష్టపడ్డవ్" అన్నడు. కవర్ కింద దుమ్ము చేరి రాసుకుంటది, గీతలు పడ్తయి అని చెప్పిన, ఇనలే. ఇప్పటికీ కవర్ అట్లనే ఉన్నది. ఆదివారం బండి కడిగేటప్పుడు నేనే దాన్ని ఊడదీసి, ఫిల్టర్ నీళ్లు రెండు చెంబులు పోసి తుడిచి, ఒకసారి చూసుకొని మళ్ల తొడిగిస్త.