అన్నయ్య సైట్ పాడైందని అబ్బాయి లైన్ మార్చేయాలా?

ప్రశ్న: మా అబ్బాయి 2024లో బీటెక్ పూర్తి చేసి, అమీర్‌పేటలో ఫుల్‌స్టాక్ (వెబ్‌సైట్‌ను మొదటి నుంచి చివరి వరకు కట్టడం) కోర్సు చేశాడు. మా అన్నయ్యకున్న పచ్చళ్ల వ్యాపారం వెబ్‌సైట్‌ను మావాడే కొత్తగా తయారుచేసి వేరే హోస్టింగ్‌కు (సైట్‌ను ఉంచే సర్వర్‌కు) మార్చాడు. అప్పటి నుంచి గూగుల్‌లో షాపు కనిపించడం లేదు, పాత లింకులు తెరుచుకోవడం లేదు, ఆర్డర్ల మెయిల్స్ రావడం లేదు. బంధువుల్లో పరువు పోయింది. ఇది మాన్పించి డేటా సైన్స్‌లో చేర్పించమంటారా? రెండింటిలో ఏది మేలు?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు అడిగింది కోర్సుల గురించే అయినా, మీ భయమంతా 'మావాడికి ఈ పని చేతకాదేమో' అన్నదే. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. మీరు చెప్పిన మూడు తప్పులూ ఈ పనిలో కొత్తవాళ్లు మామూలుగా చేసేవే.

కోర్సుల్లో కొత్త సైట్ కట్టడం నేర్పిస్తారు. నడుస్తున్న షాపును గిరాకీ పోకుండా ఇంకోచోటికి మార్చడం చాలాచోట్ల నేర్పరు. గోంగూర పచ్చడి పేజీకి పాత సైట్‌లో ఒక అడ్రస్ ఉంటుంది. గూగుల్‌కు తెలిసింది అదే, అమెరికాలో ఉన్న కస్టమర్ వాట్సాప్‌లో దాచుకున్నదీ అదే. కొత్త సైట్‌లో ఆ అడ్రస్ మారితే, పాతదాన్ని నొక్కినవాళ్లను కొత్తదానికి పంపే 301 రీడైరెక్ట్ పెట్టాలి. పెట్టకపోతే 'పేజీ దొరకలేదు' అని వస్తుంది. ఇక సైట్ తయారవుతున్నప్పుడు గూగుల్‌కు కనపడకుండా 'నోఇండెక్స్' పెడతారు, తర్వాత తీయడం మరచిపోతారు. సైట్ పేరుకు సంబంధించిన వివరాలు ఉంచే నేమ్‌సర్వర్లు మార్చినప్పుడు, మెయిల్ ఎక్కడికి చేరాలో చెప్పే ఎంఎక్స్ రికార్డులు కొత్తచోట ఎక్కించకపోతే, సైట్ చక్కగా కనిపిస్తుంది కానీ ఒక్క మెయిల్ కూడా రాదు. మీవాడి విషయంలో జరిగింది చాలావరకు ఇదే అయ్యుంటుంది. మూడూ సరిదిద్దుకోగలిగినవే.

ఒక మాట అంటాను, నొచ్చుకోకండి. ఉత్తరంలో పరువు గురించి రాశారు, అబ్బాయి ఏమంటున్నాడో ఒక్క ముక్క రాయలేదు. డిగ్రీ చేతికొచ్చిన కుర్రాడికి ఇంటి వ్యాపారం మొత్తం అప్పగించి, పాత సైట్ బ్యాకప్ ఉందా అని పెద్దవాళ్లు ఒక్కరూ అడగలేదు. ఇప్పుడు తప్పంతా వాడిదే అంటే ఎలాగమ్మా?

డేటా సైన్స్ గురించి నాకున్న అనుమానం కూడా చెప్పాలి. ఆరు నెలల్లో ఉద్యోగం గ్యారంటీ అనే బోర్డులు చూసి ఫీజులు కట్టిన పిల్లలు నా దగ్గరికి వస్తూనే ఉన్నారు. స్టాటిస్టిక్స్ గట్టిగా రాకుండా, శుభ్రం చేసి ఇచ్చిన డేటా మీద నాలుగు ప్రాజెక్టులు చేస్తారు. ఇంటర్వ్యూలో అసలు డేటా ఇచ్చేసరికి చేతులెత్తేస్తారు. మీవాడికి వచ్చిన కష్టం కూడా అలాంటిదే, కోర్సు మారినంత మాత్రాన పోదు. లెక్కలంటే వాడికి నిజంగా ఇష్టముంటే అప్పుడు ఆలోచిద్దాం. వెబ్‌లోనూ మామూలు పేజీలు కట్టే పని ఏఐ చేతికి పోతోంది, అది దాచను. కానీ షాపు ఆగకుండా సైట్ మార్చగలిగి, తేడా వస్తే కారణం పట్టుకోగలిగే మనిషి అవసరం ఇంకా ఉంది. మీవాడు ఆ పాఠం దగ్గరికి ఇప్పటికే వచ్చేశాడు.

కాబట్టి ఈ వారం ఎక్కడా ఫీజు కట్టకండి. ముందు మెయిల్ సరిచేయమనండి, ఆర్డర్లు పోతున్నది అక్కడే. తర్వాత ఆ నోఇండెక్స్ తీసేసి, పాత అడ్రస్‌లన్నీ ఒక షీట్‌లో రాసుకుని, ప్రతిదాని పక్కన కొత్తది వేసి రీడైరెక్ట్‌లు పెట్టమనండి. వాటిని కనీసం ఏడాది ఉంచాలని గూగులే చెబుతుంది. సైట్ గూగుల్‌లో ఎలా కనిపిస్తోందో చూపించే సెర్చ్ కన్సోల్‌లో కొత్త సైట్‌మ్యాప్ (సైట్ పేజీల జాబితా) ఇవ్వాలి. మళ్లీ కనపడటానికి కొన్ని వారాలు పట్టొచ్చు, రోజూ అడిగి టెన్షన్ పెట్టకండి. చేసిన ప్రతి పనీ తేదీతో రాసుకోమనండి, రేపు ఇంటర్వ్యూలో చూపించడానికి అదే పనికొస్తుంది.

మీ అన్నయ్యగారితో వాడినే మాట్లాడనివ్వండి. మీరు పక్కన కూర్చోండి, మధ్యలో అందుకోకండి.