భీమిలి వైపు మెడికల్ కాలేజీలో పాపను చేర్చవచ్చా?

గాజువాక నుంచి ఒక తల్లి అడిగారు: "మా పాప నీట్ ర్యాంకుకి ఆంధ్రా మెడికల్ కాలేజీ రాదు. భీమిలి వైపు ప్రైవేటు కాలేజీలో బీ కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా) సీటు రావచ్చంటున్నారు. క్యాంపస్ చూశాం, చాలా బాగుంది. కానీ సిటీకి అంత దూరంలో పేషెంట్లు ఉంటారా, పాపకి పని వస్తుందా అని టెన్షన్‌గా ఉంది."

అమ్మా, సరైన చోటే అనుమానం వచ్చింది మీకు. చాలామంది బిల్డింగులు, హాస్టల్ గదులు చూసి ఫీజు కట్టేస్తారు, వార్డులోకి మాత్రం అడుగుపెట్టరు.

ఆంధ్రా మెడికల్ కాలేజీ 1923 నుంచి ఉంది, దాని వెనక కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఉంది, శ్రీకాకుళం నుంచీ మన్యం నుంచీ ఒడిశా నుంచీ కూడా జనం అక్కడికే వస్తారు కాబట్టి హౌస్ సర్జన్లు కేసుల కోసం వెతుక్కోనక్కర్లేదు. శివారు ఆసుపత్రి ఆ రద్దీని తనే సంపాదించుకోవాలి. చుట్టుపక్కల పల్లెల్లో క్యాంపులు పెట్టాలి, తక్కువ ఖర్చుకి చూడాలి, ఎన్టీఆర్ వైద్య సేవ కేసులు తీసుకోవాలి. ఇవి మనసుపెట్టి చేసే చోట ఆనందపురం, పద్మనాభం, భీమిలి మండలాల జనం నిజంగానే వస్తారు, అలాంటి చోట మీ పాప కేజీహెచ్ కంటే తక్కువ రద్దీలో, ప్రొఫెసర్ పక్కనే నిలబడి నేర్చుకునే వీలు కూడా ఉంటుంది. చేయని చోట మంచాలు ఉంటాయి, మనుషులు ఉండరు.

జాతీయ మెడికల్ కమిషన్ 2023 నిబంధనల ప్రకారం 150 సీట్ల కాలేజీకి 605 పడకలు ఉండాలి, సగటున 80 శాతం నిండి ఉండాలి. కాగితం మీద అందరూ చూపిస్తారు, మీరు కళ్లతో చూసి రండి. ఒక సోమవారం పొద్దున చెప్పకుండా వెళ్లి ఓపీ దగ్గర కాసేపు కూర్చోండి, మధ్యాహ్నం జనరల్ మెడిసిన్ వార్డు, ప్రసూతి వార్డు వైపు నడవండి, తర్వాత క్యాంటీన్‌లో హౌస్ సర్జన్లని పట్టుకుని మామూలుగా అడగండి: కాన్పులు నీ చేత్తో ఎన్ని చేశావమ్మా, క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీకి కేసులు వస్తాయా, కుట్లు నువ్వే వేస్తావా, స్టైపెండ్ చేతికి వస్తుందా అని. పిల్లలు దాచరు. వాళ్లు తడుముకున్నారంటే ఆ కాలేజీని లిస్టులో కిందకి దించేయండి.

ఇంకో విషయంలో చాలామంది తికమక పడుతున్నారు. ఒకే వైపు ఉన్నా అన్నిటికీ దారి ఒకటి కాదు. రుషికొండలో గీతం డీమ్డ్ యూనివర్సిటీ, దాని సీట్లు ఢిల్లీలోని ఎంసీసీ (మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) కౌన్సెలింగ్‌లో వెళ్తాయి. మారికవలసలో గాయత్రి విద్యా పరిషత్ వాళ్ల కాలేజీ, సంగివలసలో ఎన్నారై అనే పేరున్న కాలేజీ సీట్లు మాత్రం విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లో వస్తాయి, ఏ (కన్వీనర్ కోటా), బీ (మేనేజ్‌మెంట్), సీ (ఎన్నారై కోటా) కేటగిరీలు ఉండేది వీటిలోనే. రెండు చోట్లా విడివిడిగా రిజిస్టర్ చేసుకోవాలి. ఏ కేటగిరీ మీద ఆశ ఏమాత్రం ఉన్నా ఆ ఆప్షన్లు పైన పెట్టండి, ఎందుకంటే ఫీజులో తేడా చాలా ఎక్కువ.

డబ్బు సంగతి కూడా నిక్కచ్చిగా చెప్తాను. చదువు నాలుగున్నరేళ్లు, ఆపైన ఏడాది హౌస్ సర్జన్సీ, తర్వాత పీజీ కోసం మళ్లీ నీట్, మళ్లీ ఖర్చు. బీ కేటగిరీ ఫీజు కోసం ఉన్న ఒక్క ఇల్లూ అమ్మాల్సి వస్తే నేను వద్దంటాను. పాప ఒప్పుకుంటే ఇంకో ఏడాది నీట్‌కి చదవనివ్వండి. లేదా బీఎస్సీ నర్సింగ్, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ కూడా చూడండి, వీటిలో కుదురుగా బతికే ఉద్యోగాలున్నాయి, అవేమీ ఓడిపోయిన వాళ్ల చదువులు కావు.

ఆప్షన్లు పెట్టేలోపు సోమవారం ఓపీకి పాపను కూడా తీసుకెళ్లండి. ఆ వార్డుల్లో తిరిగొచ్చాక తను ఏమందో రాయండి, మీ ర్యాంకూ ఫీజు బడ్జెట్టూ పెట్టుకుని ఆప్షన్ల వరస అప్పుడు కలిసి చూద్దాం.