దేవుడు నిజంగా ఉన్నాడా అని పిల్లలు అడిగినప్పుడు

ఆదివారం గుడిలో జరిగే తరగతులకు పంపితే పిల్లలకు భక్తి, నడవడిక వాటంతట అవే అబ్బుతాయా అని అమెరికాకు కొత్తగా వచ్చిన తల్లిదండ్రులు నన్ను తరచుగా అడుగుతుంటారు. తప్పకుండా పంపండి, శ్లోకాలు వస్తాయి, కథలు తెలుస్తాయి, తమలాంటి పిల్లలతో స్నేహం కుదురుతుంది. అయితే బిడ్డ మనసులోని భయాన్నీ సందేహాన్నీ కోపగించుకోకుండా వినే పని ఆ తరగతి వల్ల కాదు. అది ఇంట్లోనే జరగాలి.

ఇక్కడి బడిలో చేరిన కొంతకాలానికే పిల్లలు మనసులోని మాటను ఇంగ్లీషులో చెప్పుకోవడం మొదలుపెడతారు. మా అబ్బాయి చిన్నతనంలో ఒక రాత్రి, రేపు బడికి వెళ్లాలంటే 'యాంగ్జైటీ'గా ఉందన్నాడు. ఏమీ కాదులే, పడుకో అన్నాను. వాడు నెలల తరబడి మళ్లీ ఆ ఊసెత్తలేదు. వాడు చెబుతున్నది మనం బెంగ అనుకునేదేనని నాకు ఆలస్యంగా తెలిసింది. బెంగ వేరు, దిగులు వేరు, ఉక్రోషం వేరు, చిన్నబోవడం వేరు. ఇన్ని మాటలున్న భాష మనది కనుక, వాటిని ముందు మన గురించి మనమే వాడాలి. ఈ రోజు ఆఫీసులో జరిగినదానికి నాకు దిగులుగా ఉందని తండ్రి అన్నం తింటూ చెబితే, అలా చెప్పుకోవచ్చునని పిల్లలకూ తెలుస్తుంది.

తోటి పిల్లలు మీ దేవుడికి ఏనుగు తల ఎందుకని అడిగిన రోజున, ఆ ప్రశ్న మీ ఇంటికీ వస్తుంది. కొంచెం పెద్దయ్యాక, అసలు దేవుడున్నాడా అనే ప్రశ్న వస్తుంది. అలా అడిగితే తప్పు, కళ్లు పోతాయి అని మాత్రం అనకండి. పోతన భాగవతంలో మొసలి నోట చిక్కిన గజేంద్రుడు, ఉన్నాడని అందరూ అనేవాడు అసలు ఉన్నాడో లేడో అని సందేహిస్తాడు. ఆ సందేహం తరువాతనే శరణు వేడుతాడు. కఠోపనిషత్తులో నచికేతుడు పదేపదే అడిగినందుకు విసిగిన తండ్రి, నిన్ను మృత్యువుకు ఇస్తానన్నాడు. మన విసుగు పిల్లలను ఎంత దూరం పంపగలదో ఆ కథలో ఉంది. నాకూ పూర్తిగా తెలియదు, ఇద్దరం కలిసి చదువుదాం అని చెప్పడం వల్ల మీ గౌరవం తగ్గదు.

కొత్తవారు నొచ్చుకునే విషయం మరొకటి ఉంది. 12 ఏళ్లు దాటిన పిల్లలకు ఏటా జరిగే వైద్య పరీక్షలో కుంగుబాటు గురించిన ప్రశ్నపత్రం ఇవ్వడం ఇక్కడ మామూలు; బిడ్డతో ఒంటరిగా మాట్లాడేందుకు మిమ్మల్ని కాసేపు బయట కూర్చోమనడమూ ఉంటుంది. దానిని అవమానంగా తీసుకోకండి, ఏం చెప్పాలో ముందే నేర్పి పంపకండి. బడిలో కౌన్సెలర్ ఉంటే, ఏ కష్టమూ రాకముందే వెళ్లి పరిచయం చేసుకోండి. ప్రాణం మీద విరక్తి కలిగినంత బాధలో ఉన్నవారి కోసం 2022 జూలై నుంచి 988 అనే నంబరు దేశమంతటా పనిచేస్తోంది. రాత్రీ పగలూ ఫోన్ చేయవచ్చు, మెసేజీ పంపవచ్చు. ఆ నంబరు మీ ఫోనులోనే కాక పిల్లల ఫోనులో కూడా ఉండనివ్వండి. ఎందుకు పెట్టారో వారికి మెల్లగా, తెలుగులోనే చెప్పండి.