పదో తరగతితో ఆగిపోయినవాడు ఊరి చరిత్ర రాయొచ్చా?

‘పదితో చదువు ఆగింది. మండల విలేకరిగా చేస్తున్నాను, పుస్తకాల పిచ్చి ఉంది. మా ఊరి చరిత్ర రాస్తే ఎవరైనా నమ్ముతారా?’ అని అడిగారు. నాదీ అదే బాపతు. ఇంటర్ తప్పి, నల్లగొండ జిల్లాలో లైన్ల లెక్కన డబ్బులు తీసుకుంటూ పదహారేళ్లు వార్తలు రాశాను.

మా జిల్లా రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి గారి సంగతి చూడండి. ఓ పంతులుగారింట్లో వంట చేసిపెడుతూ నాలుగక్షరాలు నేర్చుకున్నారు. హోటల్లో సర్వర్‌గా చేశారు, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, అచ్చేసిన పుస్తకాలు తనే మోసుకెళ్లి అమ్మారు. ఆయన్ని సర్టిఫికెట్ చూపించమని ఎవరడిగారు?

నమ్మకం పోయేది వేరేచోట. నా సంగతే చెప్తాను. మా పక్క ఊళ్లో గుడి వెనక ఓ శాసనం ఉంది. శకవర్షంబులు ౧౧౩౦ అన్నంతవరకు కూడబలుక్కుని చదివి, ‘1130 నాటి శాసనం’ అని ఫొటోతో సహా వార్త కొట్టాను. వారం తిరక్కుండా ఓ రిటైర్డ్ తెలుగు మాస్టారి దగ్గర్నుంచి పోస్టుకార్డు వచ్చింది. ‘78 కలపడం మరిచావు నాయనా’ అని ఒకే ఒక్క వాక్యం. శక సంవత్సరానికి 78 కలిపితేనే మనం వాడే క్రీస్తుశకం లెక్క వస్తుంది, అంటే 1208. కాకతీయ రాజు గణపతిదేవుడి కాలం నాటి రాయిని తీసుకెళ్లి, ఆయన తాత రెండో ప్రోలరాజు కాలంలో పడేశానన్నమాట! సిగ్గుతో రెండ్రోజులు బస్టాండు వైపు వెళ్లలేదు. తర్వాత ఆ మాస్టారింటికే వెళ్లాను, మూడేళ్లపాటు ఆదివారాలన్నీ అక్కడే గడిచాయి.

ఆయన దగ్గర నేర్చుకున్నది ఒకటి చెప్తాను. రాయి మీద అక్షరాలు కనపడాలని సున్నమో పసుపో పూయకండి, రాయి పాడవుతుంది. చీకటి పడ్డాక టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేస్తే అరిగిపోయిన గీత కూడా నీడతో లేస్తుంది. అప్పుడు ఫొటో తీయండి.

పుస్తకాలకైతే హైదరాబాద్‌లో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్, సుల్తాన్‌బజార్‌లో ఉన్న, 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం. కానీ అవన్నీ తర్వాత. ముందు మీ తహసీల్ ఆఫీసులో 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఊరి భూముల పాత రికార్డు, చూపించమని అడగండి. ఇనాం భూములెవరివో, పాత పట్టాదారులెవరో అందులో దొరుకుతారు. ఇంకా పాత కాగితాలు ఉర్దూలో ఉంటాయి, చదవగలిగిన పెద్దమనిషి ఎవరైనా ఉంటే వెంట తీసుకెళ్లండి.